కింది సగం

మా పెద్దమ్మ ఇనప బీరువా తలుపుకి లోపలివైపు ఒక కార్డు అంటించి ఉంటుంది. బీరువా తెరవగానే ముందు కలరా ఉండల వాసన, దాని వెనకాల గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీరల వాసన, ఆ తర్వాత ఆ కార్డు. మూలలకి అంటించిన టేపు పచ్చబడి, పెళుసెక్కి, ఒక పక్క ఊడి వేలాడుతోంది. మొన్నొక ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుంటూ ఆవిడ నన్ను కేకేసింది. "హెప్సీ, ఇట్టా రా. దీన్ని పెద్దది చేయించి పెట్టవే. హాల్లో నా కుర్చీకి ఎదురుగా తగిలిచ్చుకుంటా. బొమ్మా కనపడటంలా, వాక్యమూ కనపడటంలా. నా కళ్ళే పోతన్నయ్యో, దాని రంగే పోతందో." నేను దగ్గరికెళ్ళి చూశాను. రంగే పోయింది. "నువ్వు చేసిందేగా, నీకెంత పని?" అంది పెద్దమ్మ. నిజమే, నేను చేసిందే. నా మొట్టమొదటి డిజైన్ అది. ఎంత పనిలే అనుకున్నాను. అప్పటినుంచి నా బుర్ర నా దగ్గర లేదు.

తెలియనివాళ్ళకి ఆ కార్డు సంగతి చెప్పాలి. మా తెలుగు చర్చిల్లో కొత్త సంవత్సరం పొద్దున ఆరాధన అయ్యాక ఒక పళ్ళెంలో వాగ్దానం కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కొక్కరూ వెళ్ళి, కళ్ళు మూసుకుని, ఒకటి తీసుకుంటారు. దాని మీద ఉన్న వాక్యం ఆ ఏడాదికి దేవుడు వాళ్ళతో ప్రత్యేకంగా చెప్పిన మాట. నచ్చలేదని వెనక్కి పెట్టకూడదు, పక్కవాళ్ళతో మార్చుకోకూడదు. వాక్యం మాత్రమే కాదు, దాని వెనకున్న బొమ్మని కూడా మావాళ్ళు చదువుతారు. దీపస్తంభం వస్తే పిల్లాడికి నేవీలో ఉద్యోగమని, పచ్చిక వస్తే ఊళ్ళో పొలం తగాదా తీరుతుందని, ఎవరికి తోచినట్టు వాళ్ళు. ప్రెస్సువాడు బొమ్మలు ఎక్కడ్నుంచి తెచ్చాడని ఎవరూ అడగరు. ఏడాది తిరగ్గానే పాత కార్డు బైబిల్లోకి పోతుంది, కొత్తది గోడకెక్కుతుంది. మా పెద్దమ్మ మాత్రం ఆ ఒక్క కార్డు తర్వాత ఇంకే కార్డునీ బీరువాకి అంటించలేదు.

ఆ రోజుల్లో నేను ఢిల్లీలో ఆవిడ దగ్గర ఉండేదాన్ని. బాపట్లలో డిగ్రీ అయిపోగానే మా అమ్మ నన్ను రైలెక్కించి, సివిల్స్ కోచింగని చెప్పి, వాళ్ళక్క చేతిలో పెట్టింది. పెద్దమ్మ పేరు సువార్తమ్మ. ఆసుపత్రిలో నర్సు, అందరికీ బడీ సిస్టర్, అంటే పెద్ద సిస్టర్. పెళ్ళి చేసుకోలేదు. నర్సుల క్వార్టర్సులో ఒక గది, వంటిల్లుగా మార్చిన వరండా, అదీ ఆవిడ సామ్రాజ్యం. పొద్దున డ్యూటీ ఉంటే తెల్లారకముందే బియ్యం గంజి వార్చి చీర ముంచేది. ఆ గంజి వాసన, డెటాల్ వాసన, సీసా మూత తీస్తే గోంగూర పచ్చడి వాసన, ఊరి నుంచి ఎవరైనా తెస్తే ఎండు రొయ్యల వాసన. రొయ్యలు వేయించిన రోజు పక్క క్వార్టర్ దీదీ తలుపులు దబదబా వేసుకునేది. పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచే "సారీ దీదీ, బస్ దో మినిట్" అని అరిచి, నా వైపు తిరిగి "వేసుకోనీ, రేపు ఇదే దీదీ బీపీ చూపిచ్చుకోను వస్తది" అనేది.

ఆవిడ సాయంత్రం ప్రార్థన గురించి కూడా చెప్పాలి. పేషెంట్ల పేర్లు ఆవిడకి గుర్తుండేవి కావు, మంచాలు గుర్తుండేవి. మోకాళ్ళ మీద కూర్చుని, కొంగు తల మీద కప్పుకుని, "ప్రభువా, కిటికీ పక్క మంచం ముసలాయన్ని చూసుకో. మూల మంచం పిల్లకి జ్వరం తగ్గించు. తలుపు దగ్గరామె అన్నం తినటంలేదు, తినిపించు" అని వార్డంతా తిరిగొచ్చేది. నాకు నవ్వొచ్చేది. "పేరు చెప్పకపోతే ఆయనకెట్టా తెలుస్తుంది పెద్దమ్మా?" అన్నానొకసారి. "ఆయనకి వార్డు తెలుసులేవే, నువ్వు కళ్ళు మూసుకో" అంది. పేర్లు లేని ఆ ప్రార్థన అప్పట్లో నాకు వట్టి చాదస్తంగా కనిపించేది.

కోచింగ్ పుస్తకాల కోసం, నోట్సు జిరాక్సుల కోసం బేర్ సరాయ్ అనే పేటకి వెళ్ళేదాన్ని. మనవాళ్ళే బోలెడుమంది అక్కడ. ఇరుకు సందుల్లో, మెస్సుల ముందు రాజ్మా తినలేక నిట్టూరుస్తూ, పచ్చళ్ళ సీసాలు చేతులు మార్చుకుంటూ కనిపించేవాళ్ళు. ఒక జిరాక్స్ షాపు కింద నేలమాళిగలో నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ అరలు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డులు, ఎవరో విప్పిన బూట్ల వాసన. ఇంగ్లీషు పేపర్ల సంపాదకీయాలు చదువుకోవడానికని వెళ్ళాను. ఏదో దేశం పటం కోసం వెతుకుతూ ఎక్కడో నొక్కాను. ఏం నొక్కానో ఇప్పటికీ తెలియదు. ఎక్కడెక్కడి ఫొటోగ్రాఫర్లూ, డిజైనర్లూ తమ పనిని పెట్టుకునే చోటు ఒకటి తెరుచుకుంది.

ఆ రోజు నేను చూసిన వాటిని ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఒక పోస్టరంతా తెలుపు, మూలన ఒకే ఒక్క ఎర్ర అక్షరం. మేకుకి తగిలించిన తడి రెయిన్‌కోటు ఫొటో, అంతే, మనిషి లేడు. ఎంగిలి కంచాలు అలాగే వదిలేసిన భోజనాల బల్ల. ఓరి నాయనో, దీన్ని కూడా ఫొటో తీస్తారా అనిపించింది. నాకు తెలిసిన ఫొటో అంటే స్టూడియోలో కుర్చీ మీద చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి నిలబడటం. తెలిసిన డిజైనంటే శుభలేఖ మీది పావురాలు. వీళ్ళనెవరడిగారు ఇవన్నీ చెయ్యమని? చేసి ఏం తింటారు? ఇది చదువా, ఉద్యోగమా, పిచ్చా? ఏదీ అర్థం కాలేదు, కానీ కదల్లేకపోయాను. "మేడమ్ జీ, టైమ్ హో గయా" అని నెట్ సెంటర్ భయ్యా వచ్చి అర మీద తట్టేదాకా అలాగే ఉన్నాను. సంపాదకీయం సంగతి దేవుడెరుగు.

ఇప్పటి పిల్లలకి ఒకటి తెలియదు. అప్పట్లో బొమ్మ మొత్తం ఒకేసారి వచ్చేది కాదు. పైనుంచి కిందికి ఒక్కో చారా దిగేది. ముందు ఆకాశం వచ్చేది. తర్వాత చెట్ల కొసలు, ఇళ్ళ కప్పులు. మనుషులు చివర్న వచ్చేవాళ్ళు, వస్తే. ఆకాశం చూస్తూ, కింద ఏముంటుందో ఊహించుకుంటూ, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేదాన్ని. చూడటమంటే ఏమిటో నేను అక్కడే నేర్చుకున్నానని తర్వాత చాలామందికి గొప్పగా చెప్పాను.

అలా ఒకరోజు ఒక బొమ్మ దిగింది. ముందు లేత ఆకాశం. తర్వాత ఇటుక గోడ, పై అంతస్తు. అందులో బార్లా తెరిచిన కిటికీ, గాలికి బయటికొచ్చి ఎగురుతున్న తెల్ల పరదా. కిటికీ గడప దగ్గర, స్కేలు పెట్టి గీసినట్టు, బొమ్మ ఆగిపోయింది. దాని కింద సగమంతా బూడిదరంగు. ఇంకేమీ లేదు. ఇంకా దిగుతుందేమోనని చూశాను, దిగలేదు. అంటే అంతే. అబ్బ, ఏం ధైర్యం! ఆకాశం, కిటికీ, పరదా, అంతా పైన పెట్టి, కింద ఇంత చోటు ఖాళీగా వదిలేశాడే మహానుభావుడు! మనమైతే ఈ పాటికి రెండు గులాబీలు, ఒక గొర్రెపిల్ల పెట్టేవాళ్ళం. ఫ్లాపీలో దాచుకున్నాను. మర్నాడు మళ్ళీ చూద్దామంటే ఆ పేజీ తెరుచుకోలేదు, ఆ తర్వాతా తెరుచుకోలేదు. భయ్యా భుజాలెగరేసి "సైట్ బంద్ హో గయీ హోగీ" అన్నాడు, సైటు మూసేసుంటారని. నా దగ్గర ఫ్లాపీ ఉంది కదా, నాకేం అనుకున్నాను.

ఆ శీతాకాలం విజయవాడ నుంచి రావలసిన వాగ్దానం కార్డుల పార్సిలు రాలేదు. పాస్టరు అయ్యగారు బెంగపడి, కంప్యూటర్లో ఎవరైనా చేయగలరా అని ఆరాధనలో అడిగారు. నా పక్కన కూర్చున్న పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. "మా హెప్సీకి వచ్చండీ. రోజూ కంప్యూటర్ దగ్గరే ఉంటది" అంది, సివిల్స్ చదువుతున్నాననే గర్వంతో. ఇరుక్కుపోయాను. నచ్చిన బొమ్మలు పోగేసి, అన్నిటినీ అదే పద్ధతిలో పెట్టాను: పైన సగం బొమ్మ, కింద సగం బూడిదరంగు. ఆ కంప్యూటర్లో తెలుగు అక్షరాలు లేవు గనక ప్రింట్లు తీయించాక ఆ బూడిదరంగు మీద వాక్యాలు నల్ల ఇంకుతో నేనే రాశాను. కిటికీ బొమ్మ కింద తెరిచిన ద్వారం గురించిన వాక్యం రాశాను, బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

కొత్త సంవత్సరం పొద్దున చర్చి హాల్లో అందరూ కార్డులు తీసుకున్నారు. రైల్వేలో రిటైరైన ఒక అంకుల్ కార్డుని వెనక్కీ ముందుకీ తిప్పి, "అమ్మాయ్, కింద బొమ్మ పడలేదే. ఇంకు అయిపోయిందా?" అన్నారు. ఆయన వెనక ఇంకో ఆంటీ "నాదీ సగమే పడింది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది, ఆ వెంటనే కోపమొచ్చింది. "అది డిజైన్ అంకుల్. కావాలనే అట్టా వదిలారు" అన్నాను. "అచ్ఛా, కావాలనా?" అని ఆయన ఇంకోసారి చూసి, జేబులో పెట్టుకుని, చాయ్ వైపు నడిచారు. వీళ్ళకి కళ అంటే ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ అంకుల్ ఇప్పుడు లేరు.

పెద్దమ్మ మాత్రం హాలు మధ్యలో నిలబడిపోయింది. ఆ రోజు ఆవిడ దేనికోసం కళ్ళు మూసుకుని చెయ్యి చాచిందో నాకు తెలుసు. రిటైర్మెంటు దగ్గర పడింది, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. మా ఏసుదాసు మామయ్య, ఆవిడ తమ్ముడు, బాపట్లలో తన ఇంటి మీద అక్క కోసమని ఒక గది వేయించాడు. ఈవిడ మనసేమో ఢిల్లీ పొలిమేరల్లోని ఇందిరాపురం మీద ఉంది. అప్పటి ఇందిరాపురమంటే దుమ్ము, ఇనప ఊచలు, సగం లేచిన అపార్టుమెంట్లు. "ఆడకూతురివి, ఒక్కదానివి, ఆ బయల్లో ఏం చేస్తావక్కా? దయ్యాలకి ఇంజెక్షన్లు చేస్తావా?" అని మామయ్య ఫోన్లో గొంతు చించుకునేవాడు. ఈవిడ "అట్టాగేలేరా, ప్రార్థన చేస్తన్నా" అని ఫోను పెట్టేసేది. ఎటు పోవాలో కొత్త సంవత్సరం వాగ్దానంలో తెలుస్తుందని నాతో అంది. ఆ వాగ్దానం కిటికీ బొమ్మ రూపంలో ఆవిడ చేతికొచ్చింది.

"చూడవే," అంది గుసగుసగా, కార్డు నా ముఖం ముందు పెట్టి. "మేడ మీద ఇల్లు. కిటికీ తీసుంది. కింద చూడు, ఏం లేదు, వట్టి బయలు. అచ్చం ఇందిరాపురమే!" ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నేను అవునన్నాను. నా డిజైన్‌ని మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడే మరి, కాదని ఎలా అంటాను? ఆ వారంలోనే వెళ్ళి పై అంతస్తులో ఫ్లాటు ఖాయం చేసుకుంది. మామయ్య కొన్నాళ్ళు మాట్లాడలేదు.

ఆ ఇల్లు లేకపోతే మాలో ఎవరి బతుకు ఎలా ఉండేదో ఊహించలేను. మా అమ్మ ఆఖరి జబ్బులో నెలల తరబడి ఉన్నది ఆ ఇంట్లోనే. కోస్తా ఊళ్ళ నుంచి నర్సు ఉద్యోగాలకని వచ్చిన ఆడపిల్లలు హాస్టలు దొరికేదాకా పరుపులు పరుచుకున్నది ఆ హాల్లోనే. ఒక్కోసారి బాత్రూము ముందు వరస చూస్తే రేషన్ షాపు గుర్తొచ్చేది. నా పెళ్ళి మాటలు అక్కడే జరిగాయి, నా కూతురు తార అక్కడే అడుగులేసింది. నేను సివిల్స్ రాయలేదు. డిజైన్ నేర్చుకుని నోయిడాలో ఒక స్టూడియోలో చేరాను. బిల్డర్ల బ్రోషర్లు, ఆసుపత్రుల పోస్టర్లు చేస్తాను. కింద సగం ఖాళీగా వదలడం నా ముద్ర అయిపోయింది. క్లయింట్లు 'బ్రీదింగ్ స్పేస్' అంటారు. కొత్తగా చేరిన పిల్లలకి హెప్సీ మేడమ్ గ్రే అని చెప్పి నేర్పిస్తారు. నేను కూడా నిండుగా నవ్వి, బేర్ సరాయ్ నేలమాళిగ కథ చెప్పేదాన్ని, ఆ అజ్ఞాత ఫొటోగ్రాఫరుకి దణ్ణం పెడుతూ.

సరే, కార్డు పెద్దది చెయ్యాలి. ఫ్లాపీ ఎప్పుడో పోయింది. కార్డుని ఫోన్లో ఫొటో తీసి తారకిచ్చి, దీని అసలు బొమ్మ నెట్‌లో ఎక్కడైనా ఉందేమో చూడమన్నాను. పదిహేనేళ్ళ పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. సోఫాలో పడుకునే బొటనవేలితో ఏదో చేసి, నేను నీళ్ళ గ్లాసు కింద పెట్టేలోపల "మిల్ గయా" అంది, దొరికిందట. తర్వాత నుదురు చిట్లించి, "మమ్మా, యే తో ఆధా హై. పూరా దేఖో" అని టాబ్లెట్ నా వైపు తిప్పింది. సగం ఏమిటే, పూర్తిది ఏమిటే అంటూ తీసుకున్నాను.

అదే ఆకాశం. అదే ఇటుక గోడ, కిటికీ, ఎగురుతున్న పరదా. కిటికీ గడప కింద బూడిదరంగు లేదు. కిటికీ కింద ఇల్లే లేదు. కింది అంతస్తుల ముందు గోడ కూలగొట్టేసి ఉంది. గదుల లోపలి రంగులు బయటికి కనిపిస్తున్నాయి. ఒక చేతులు కడుక్కునే సింకు పైపుకి వేలాడుతోంది. కింద ఇటుకల కుప్పలు, వాటి ముందు ఒక తోపుడు బండి, దాని మీద పరుపుల చుట్టలు, ఒక బిందె. ఒక మగమనిషి తాడు బిగిస్తున్నాడు. పక్కన ఒకామె, చంకలో పిల్లతో, తలెత్తి ఆ పై కిటికీ వైపు చూస్తోంది. ఏ దేశమో తెలియదు. ఆ ఫొటో కింద ఎవరెవరో గుండె గుర్తులు పెట్టారు, ఆహా ఏం కంపొజిషన్ అన్నారు. బొమ్మంతా ఒక్కసారే వచ్చేసింది. ముందు ఆకాశం చూసుకునే వీలు కూడా ఇవ్వలేదు.

తర్వాత అన్నీ ఒకేసారి తోచాయి. అంటే ఆ రోజు నెట్ మధ్యలో ఆగిపోయింది. రాని భాగాన్ని కంప్యూటరు బూడిదరంగుతో నింపింది. దాన్ని నేను ధైర్యమనుకున్నాను, కళ అనుకున్నాను. కింద బొమ్మ పడలేదని అడిగిన అంకులే నిజం చెప్పారు. ఇంతకాలం నేను నేర్పిందీ, మెప్పు పొందిందీ ఒక పాడైపోయిన డౌన్‌లోడేనా? మర్నాడు ఆఫీసులో ఒక బిల్డర్ బ్రోషర్ ముందు కూర్చున్నాను. పైన మేడ, కింద నా బూడిదరంగు. చూస్తూ ఉంటే అక్కడ తాడు బిగించే మనిషి కనపడటం మొదలైంది. కుడివైపు జూనియర్ పిల్ల "మేడమ్, కింద ఖాళీ ఉంచనా?" అంటే "ఏమోనమ్మా, నాకు తెలియదు" అన్నాను. ఆ పిల్ల నాకు ఒంట్లో బాగాలేదనుకుని చాయ్ తెచ్చిచ్చింది.

నా సంగతి పోనీ. నా భయం పెద్దమ్మ గురించి. ఆవిడ తమ్ముణ్ణి కాదని, ఊరిని కాదని, దేవుడి మాటగా పట్టుకున్న బొమ్మ అది. ఆ వయసులో ఒంటరిగా ఇల్లు కొని, దాని తలుపు ఊరందరికీ తీసి పెట్టింది ఆ బొమ్మని నమ్మి. ఇప్పుడు వెళ్ళి, అది ఇల్లు దొరికినవాళ్ళ బొమ్మ కాదు, ఇల్లు పోయినవాళ్ళ బొమ్మ అని చెప్పనా? ఆవిడకి ఎనభై దాటాయి. పాత కార్డునే స్కాన్ చేసి, రంగు దిద్ది, గప్‌చిప్‌గా తగిలించేస్తే ఎవరికి నష్టం? తారనడిగాను. "బతా దో నా, ఉన్‌కీ ఫొటో హై" అంది తేలిగ్గా. ఆవిడ ఫొటోనట, ఆవిడకి చెప్పెయ్యమంది. ఆవిడ ఫొటోనా అది? నాదా? ఆ బండి దగ్గర ఉన్నవాళ్ళదా? వారమంతా ఇదే గోల నాకు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. చర్చి అయ్యాక అన్నాలు తిన్నాం. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని వక్కపలుకు నములుతోంది. గోడ మీద మేకు కూడా కొట్టించి పెట్టింది. "తెచ్చావా?" అంది. నేను అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను, నా ముఖం చూసి ఆవిడే "ఏందే, ఏమైంది?" అంది. ఇక దాచలేక టాబ్లెట్ ఒళ్ళో పెట్టాను. జరిగిందంతా చెప్పాను, నెట్ ఆగిపోవడం, బూడిదరంగు, అన్నీ. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పైనుంచి మొదలుపెట్టింది. కిటికీ దగ్గర కాసేపు ఆగింది. తర్వాత కిందికి దిగింది.

"ఓహో," అంది. "కింద కూడా ఉందా."

టాబ్లెట్ కళ్ళకి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది.

"ఎవరే వీళ్ళు?"

"తెలియదు పెద్దమ్మా."

"చంకలో పిల్ల మెడ చూడు, వాలిపోయింది. ఒళ్ళు కాలతన్నట్టుందే దానికి. ఎండలో పెట్టుకు నిలబడింది ఈమె."

"పెద్దమ్మా," అన్నాను, "అప్పుడే ఇదంతా కనిపించుంటే ఏం చేసేదానివి?"

"ఏం చేసేదాన్ని? బాపట్ల పోయేదాన్ని." తడుముకోకుండా అనేసింది. "ఇల్లు గిల్లు నీకొద్దు, బండి కట్టమని దేవుడే చెప్పాడనుకునేదాన్ని. భయపడిపోయేదాన్నే. పైకి గట్టిగా ఉండేదాన్ని గానీ, లోపల ఎంత భయమో నీకేం తెలుసు." అని, బొమ్మ మీద వేలు పెట్టి, కిటికీ గడప దగ్గర అడ్డంగా గీత గీసింది. "అందుకే సగమే పంపిచ్చాడు."

"ఆయన పంపించలేదు పెద్దమ్మా. నెట్ ఆగిపోయింది."

"ఎవరు ఆపారు?"

తార నా వైపు చూసింది, నేను ఏం చెబుతానోనని. ఏం చెప్పను? ఫోన్ లైన్ అని చెప్పనా? చెప్పినా ఆవిడ లైనెవరు ఆపారంటుంది. నాకు ఆవిడంత నమ్మకమూ లేదు, లేదనే ధైర్యమూ లేదు.

"సరే, ఇప్పుడు ఏది పెద్దది చేయించను? పాతదే చేయిస్తాలే" అన్నాను.

"మొత్తం చేయించు. ఇప్పుడు నాకేం భయం?"

"మరి వాక్యం? ఇందులో రాయడానికి జాగా లేదు."

"వాక్యం నాకు నోటికొచ్చుగా. ఆ జాగా వాళ్ళది, వాళ్ళనే ఉండనీ." టాబ్లెట్ నాకిచ్చేస్తూ అడిగింది, "వీళ్ళకి ఇల్లు దొరికిందో లేదో కనుక్కుంటావా? నీ నెట్‌లో అన్నీ దొరుకుతాయిగా."

ఆ రోజు నుంచి వెతుకుతూనే ఉన్నాను. అప్పుడు ఒక బొమ్మ రావడానికి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు ఒక్క బొమ్మ అడిగితే వందలొచ్చి మీద పడుతున్నాయి. ఇదే ఫొటో ఎన్నో చోట్ల ఉంది. ఒకడు ఒక ఊరంటాడు, ఇంకొకడు ఇంకో దేశమంటాడు, మరొకడు దీన్ని తనే తీశానంటాడు. ఎక్కడ చూసినా మెచ్చుకోళ్ళే. ఆ పిల్ల మెడ సంగతి ఎవరూ రాయలేదు. నేనూ మొదటిసారి కంపొజిషనే చూశాను. బొమ్మలు చూడటం నేర్చుకున్నానని చెప్పుకున్నదాన్ని, ఏం నేర్చుకున్నానో ఏమిటో. ఆఫీసులో మళ్ళీ కింద సగం ఖాళీగానే వదులుతున్నాను, వేరే పద్ధతి చేతికి రావడంలేదు. అది ఖాళీ అని మాత్రం ఇప్పుడు అనలేను.

ఫొటో హాల్లో, పెద్దమ్మ కుర్చీకి ఎదురుగా ఉంది. పక్క ఫ్లాటు పంజాబీ ఆంటీ వచ్చి చూసి, ఎవరు వీళ్ళని అడిగితే, పెద్దమ్మ "అప్నే హీ లోగ్ హై" అంది. మనవాళ్ళేనట. ఆంటీ నిజమనుకుని, ఏ ఊరు, ఎప్పుడు తీసింది అని మొదలుపెట్టింది. నేను వంటింట్లోకి జారుకున్నాను. ప్రతి ఆదివారం "తెలిసిందా?" అని అడుగుతుంది, "ఇంకా లేదు పెద్దమ్మా" అంటాను. నిన్న సాయంత్రం ప్రార్థనకి తారనీ నన్నూ కూడా కూర్చోబెట్టింది. మోకాళ్ళు వంగవు గనక ఇప్పుడు కుర్చీలోనే. కొంగు తల మీదకి లాక్కుని, ఊళ్ళో తమ్ముడి షుగరు దగ్గర మొదలుపెట్టి, హాస్టల్లో చేరిన నర్సు పిల్లలు, లిఫ్టు దగ్గర దగ్గుతున్న వాచ్‌మన్, అందరినీ చుట్టి, చివరికి గోడ దగ్గరికొచ్చింది. "ప్రభువా, ఆ బండి పక్కనున్నామెని చూసుకో. చంకలో పిల్లకి జ్వరం తగ్గించు. ఆమెకి కూడా ఎక్కడో ఒకచోట, భయపడకుండా, సగం బొమ్మ చూపిచ్చు" అంది.

తార వెంటనే ఆమెన్ అంది. నేను కూడా అన్నాను. దేనికన్నానో నాకింకా అర్థం కాలేదు.